ఓడిపోయిన రోజు పోసిన గహ్వా

మొన్న మన చిన్నది ఫోన్లో అడిగింది. "జేజీ, నువ్వు కువైట్లో ఫుట్‌బాల్ టీములో పనిచేసినావంట, నిజమేనా?" అని. నిజమే తల్లీ. కాకపోతే బంతి తన్నలేదు, తన్నేవాళ్ళకి టీ కాచాను. మీరు నలుగురు మనవలూ తలా ఒక ఊళ్ళో ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబితే చెప్పినప్పుడల్లా కథ కొంచెం పెరుగుతుంది, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఒకేసారి రాసి పంపుతున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకోండి.

కువైట్లో సల్వా అనే పేటలో ఒక ఇంట్లో చాలా ఏళ్ళు వంట చేశానని మీకు తెలుసు. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, కాలం చేశాక, వాళ్ళ పెద్దమ్మాయి దయతో నా ఇఖామా, అదే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఒక కంపెనీ మీదికి మారింది. ఆ కంపెనీ నన్ను ఒక ప్రైవేటు కాలేజీకి పంపింది. అక్కడ ఆడపిల్లల ఆటల విభాగంలో చిన్న టీ గది ఉండేది. ఒక గ్యాసు పొయ్యి, ఒక సింకు, మైదానం వైపు ఒక కిటికీ. ఇంటిపనికీ దీనికీ తేడా ఏమిటంటే, సాయంత్రం తలుపు తాళం వేసి ఇంటికి పోవచ్చు. తాళంచెవి నా కొంగుకే ఉండేది. మొదటి నెలంతా ఆ తాళంచెవి చూసుకునే మురిసిపోయాను.

మా గదిలో పనిచేసేవాళ్ళం ముగ్గురం. నేను టీ, పాలు, ఫలహారం చూసుకునేదాన్ని. భీమవరం పక్కనుంచి వచ్చిన ఒకామె ఊడ్చడం, తుడవడం చేసేది. శుక్రవారం చర్చికి పోయి పాటలు పాడి వచ్చేది, మిగతా ఆరు రోజులూ మా మీద జోకులు వేసేది. నన్ను అక్కా అనేది. మూడో ఆయన బంగ్లాదేశ్ పెద్దాయన, ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం. వచ్చిన అతిథులకి గహ్వా పోయడం ఆయన పని. గహ్వా అంటే అరబ్బుల కాఫీ. పసుపు రంగులో, యాలకుల వాసనతో ఉంటుంది. ముక్కు పొడుగ్గా ఉండే ఇత్తడి కూజాలోంచి, పిడి లేని బుల్లి కప్పుల్లో పోస్తారు. ఆ కూజాని చాచా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కడగడం కూడా ఆయనే. మేము ఆ వైపు చూస్తేనే గొంతు సవరించుకునేవాడు.

సాయంత్రం ఆట అయ్యాక పిల్లలు మోకాళ్ళు గీరుకుపోయి, చెమటలు కక్కుతూ వచ్చి టీ అడిగేవాళ్ళు. నన్ను ఖాలా అని పిలిచేవాళ్ళు, పిన్నమ్మా అన్నట్టు. వాళ్ళలో గోలు దగ్గర నిలబడే పిల్ల ఒకతె ఉండేది. సన్నగా, పొడుగ్గా కరివేపాకు చెట్టులా ఉండేది. టీములో ఆమెది రెండో వరస. పెద్ద గోల్‌కీపరు వేరే ఉండేది, ఈ పిల్ల ఎప్పుడూ బెంచీ మీదే. అయినా అందరికంటే ముందు వచ్చేది, అందరూ పోయాక పోయేది. వాళ్ళ నాన్నకి ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడటం ఇష్టం లేదు. ఒక్క ఏడాది చూస్తాను, ఏదైనా మాట వచ్చిందంటే ఖలాస్, మానేయాలి అని ఒప్పుకున్నాడట.

కోచ్ మేడమ్ కువైటీనే. నలభై దాటిన మనిషి, చిన్నప్పుడు అన్నదమ్ములతో పెరట్లో ఆడి నేర్చుకుందట. టీ నిలబడే తాగేది, చక్కెర లేకుండా. అరిస్తే పిల్లలు భయపడేవాళ్ళు కాదు, అరవకుండా ఉంటేనే భయపడేవాళ్ళు.

ఆ ఏడు మా పిల్లలు కాలేజీల పోటీలో ఫైనల్ దాకా పోయారు. మేము టీ గదిలో భీమవరం చెల్లెలి ఫోన్లో చూశాం. ఫోను చక్కెర డబ్బాకి ఆనించాం. చాచా కూడా కూజా పక్కన పెట్టి కూర్చున్నాడు. చూస్తే గోలు దగ్గర మా కరివేపాకు చెట్టు. బెంచీ మీద పెద్ద గోల్‌కీపరు. ఎందుకు మార్చారో మాకు అర్థం కాలేదు. ఆట సమానంగా నడిచింది. ఆ పిల్ల రెండు మూడు మంచి బంతులు పట్టింది కూడా. ఇంక కాసేపట్లో అయిపోతుందనగా ఒక బంతి వచ్చింది. ఎంత మెల్లగా వచ్చిందంటే, మా చిన్నప్పుడు దొర్లించిన గుమ్మడికాయ ఇంతకంటే జోరుగా పోయేది. ఆ పిల్ల వంగింది, పట్టుకున్నట్టే కనిపించింది. బంతి కాళ్ళ సందులోంచి పోయి గోల్లో పడింది.

చాచా లేచి కూజా తీసుకుని వెళ్ళిపోయాడు. మా చెల్లెలు ఫోను బోర్లా పెట్టింది.

తెల్లారేసరికి ఆ బంతి అందరి ఫోన్లలోకీ పాకింది. దానికి పాటలు పెట్టారు, నవ్వులు పెట్టారు. అద్దెగదిలో నాకు తోడుండే కేరళ నర్సు కూడా "ఇది మీ కాలేజీయేనా?" అని చూపించింది. కాలేజీ ముదీరు, అంటే పెద్ద మేనేజరు, ఫోన్లు ఎత్తీ ఎత్తీ విసిగిపోయి, పేపర్లవాళ్ళని మధ్యాహ్నం రమ్మన్నాడు. కోచే ఎదురుగా కూర్చుని జవాబు చెబుతుంది అన్నాడు.

ఆ మధ్యాహ్నమే చాచా లేడు. ఇఖామా పని మీద వేలిముద్రలు ఇవ్వడానికి పోయాడు.

ముదీరూ కోచ్ మేడమూ మాట్లాడుకున్నది సరిగ్గా నా తలుపు ముందే. నాకు అరబీ చదవడం రాదు గానీ, అన్నేళ్ళు ఆ ఇళ్ళలో ఉన్నదాన్ని, వింటే అర్థమవుతుంది. ఆయన మాట ఒక్కటే. ఆ పిల్ల తప్పు చేసింది, పేరు చెప్పి వదిలేయండి, ఒక్కరోజులో మర్చిపోతారు. లేదూ, కాలేజీ మీదికి తెస్తానంటే మీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టడం నాకు కష్టం. మేడమ్ ఏమీ అనలేదు. నేను చెప్పాను కదా, ఆమె అరవకుండా ఉంటేనే భయం.

ఆ మాటలు విన్నది నేనొక్కదాన్నే కాదు. ఆ పిల్ల పొద్దుటినుంచీ నా టీ గదిలోనే, చక్కెర బస్తా మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న ఆ వీడియో చూశాడట. పేపర్లో నా కూతురి పేరు కనిపించిందంటే నిన్న ఆడిందే ఆఖరి ఆట అన్నాడట. మేడమ్ లోపలికి రాగానే ఆ పిల్ల లేచి నిలబడింది. నా పేరు చెప్పేయండి, అది నిజమే కదా అంది. మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ బస్తా మీద కూర్చోబెట్టింది. వాళ్ళు పోయేదాకా ఈ తలుపు దాటొద్దు అంది. నావైపు తిరిగి, ముందు వాళ్ళకి గహ్వా ఇయ్యి అని చెప్పి వెళ్ళిపోయింది.

మా చెల్లెలు తుడుపుకర్ర పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, వచ్చేశారు. ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు. పెళ్ళి చెడగొట్టడానికొచ్చిన మేనమావల్లాగ కూర్చున్నారు ఆళ్ళు."

"మేయ్, గమ్మునుండు. వచ్చినోళ్ళు ఎవురైతే ఏముంది, ముందు నోరు తడపాల గదా."

"ఆ కూజా ముట్టుకుంటే చాచా నిన్ను చంపుతాడు."

"చంపనీలే. సచ్చేలోగా పోసేసొస్తా."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. సల్వా ఇంట్లో గహ్వా కాచింది నేనే, కానీ దివానియాలో, అంటే మగవాళ్ళు చుట్టాలతో కూర్చునే గదిలో, పోసింది ఎప్పుడూ డ్రైవరే. వంటగది తలుపు దగ్గర కూజా అందిస్తే నా పని అయిపోయేది. అది కప్పులో ఎంత పోస్తారో, ఎట్లా పోస్తారో నేను కళ్ళతో చూసింది లేదు. కాలేజీలోనూ చాచా ఉండగా అతిథుల గదిలోకి నాకు పనిలేదు. ఆ రోజు కూజా, కప్పులు, ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని గదిలోకి పోయాను.

గది నిండా జనం. ముందు వరసలో కళ్ళజోడు నెత్తిమీదికి ఎక్కించుకున్న ఒక పెద్దాయన. మిగతావాళ్ళంతా ఆయన అడిగినదాన్నే మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఆయనే పెద్ద అని తెలిసిపోయింది. వెనకాల గోడకి ఆనుకుని ముదీరు. కొందరు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు, కొందరు టకటకా కొడుతున్నారు. కోచ్ మేడమ్ బల్ల వెనక ఒక్కతే.

ఆ పెద్దాయన అడుగుతున్నాడు. రెండో గోల్‌కీపర్ని ఫైనల్లో ఎవరు పెట్టారు? ఆమె ఎవరి కూతురు? దీంట్లో వాస్తా ఏమైనా ఉందా? వాస్తా అంటే పలుకుబడి. పెద్దవాళ్ళ పిల్ల కాబట్టి ఆడించారా అని. మేడమ్ నోరు తెరిచేలోపే పక్కవాడు ఇంకొకటి అడిగాడు. దాని మీద ఇంకొకటి. కోళ్ళగూట్లో నూకలు చల్లినట్టుంది. ఒక్క జవాబు పూర్తి కానివ్వడం లేదు.

నేను పెద్దాయన దగ్గర మొదలుపెట్టాను. ఆ కప్పు చూస్తే ఉగ్గుగిన్నె కంటే చిన్నది. నాకు ప్రాణం ఒప్పలేదు. అసలే మా కాలేజీ పరువు పోయిన రోజు. గహ్వా దగ్గర కూడా పిసినారులమని రాసుకోవాలా? మన వైపు చుట్టానికి సగం లోటా మజ్జిగ ఇచ్చి చూడండి, మూడు తరాలు చెప్పుకుంటారు. అందుకని అంచుదాకా పోశాను. ఒక్క చుక్క ఎక్కువైతే ఒలికిపోయేటట్టు. అందరికీ అట్లాగే పోసుకుంటూ వెళ్ళాను.

గదిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను మెచ్చుకుంటున్నారేమో అనుకున్నాను.

పెద్దాయన కప్పు వైపు చూశాడు. నావైపు చూశాడు. మేడమ్ వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"అర్థమైంది కోచ్. మమ్మల్ని పొమ్మంటున్నారు."

పక్కన కూర్చున్నవాడు లేవబోయాడు. వెనకాల ముదీరు మొహం సున్నం కొట్టినట్టు అయింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ దేశంలో కప్పులో అడుగున కాస్త పోస్తేనే మర్యాద అని. కొంచెం తాగడం, మళ్ళీ కొంచెం పోయడం, ఇంకొంచెంసేపు కూర్చోమని. అంచుదాకా నింపి ఇస్తే, ఇది తాగి ఇక దయచెయ్యి అని. నేను వచ్చినవాళ్ళనందరినీ వరసబెట్టి, నవ్వుతూ, ఖర్జూరం పెట్టి మరీ గెంటేశాను.

మేడమ్ ఒక్క మాట అంటే సరిపోయేది. పనిమనిషి, తెలియదు, క్షమించండి అని. ఆమె అట్లా అనలేదు. నన్నే అడిగింది, ఎందుకు నింపావు ఖాలా అని.  వచ్చిన అరబీలోనే చెప్పాను.

"మేడమ్, మా ఊర్లో సగం ఇస్తే గొడవ. నిండా ఇస్తే, కూర్చో అని. పగోడొచ్చినా నిండానే ఇస్తాం."

ముందు నవ్వింది కోచ్ మేడమే. ఆమె అట్లా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు, తల వెనక్కి వేసి, బల్ల మీద చెయ్యి కొట్టి. తర్వాత పెద్దాయన నవ్వాడు, నెత్తిమీది కళ్ళజోడు ముక్కు మీదికి జారిపడేదాకా. లేవబోయినవాడు కూర్చున్నాడు. మేడమ్ అంది, విన్నారు కదా, మిమ్మల్ని కూర్చోమంటోంది, నిండా ఉంది కాబట్టి అయిపోయేదాకా కూర్చోవాలి అని.

అసలు వేడుక అప్పుడు మొదలైంది. ఆ కప్పులకి పిడి ఉండదు. గహ్వా పొగలు కక్కుతోంది. అంచుదాకా ఉన్నదాన్ని ఒక చేత్తో పట్టుకుంటే వేళ్ళు కాలుతాయి, కదిలిస్తే తెల్ల బట్టల మీద ఒలుకుతుంది. అందరూ ఫోన్లు కింద పెట్టి, రెండు చేతుల కొసలతో కప్పు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఊదుకుంటూ కూర్చున్నారు. ఫోటో లేదు, వీడియో లేదు, అడ్డం పడి అడగడం లేదు. ఊదేవాడు ఎట్లా అడుగుతాడు? గుడిలో తీర్థం పట్టుకున్నవాళ్ళలా ఎంత బుద్ధిగా ఉన్నారో.

ఆ సందు చూసి మేడమ్ మాట్లాడింది. నిదానంగా, మొదటినుంచి చివరిదాకా. ఆ పిల్లని పెట్టింది నేనే అంది. ఆమె ఎవరి కూతురో నాకు అక్కర్లేదు, ఏడాదంతా ప్రాక్టీసులో అందరికంటే ఎక్కువ బంతులు పట్టింది ఆమే, అందుకు పెట్టాను, రేపు ఫైనల్ ఉన్నా ఆమెనే పెడతాను. తప్పు ఒకటి ఉంది, అది నాది. ఆ సంగతి ఆమెకి ముందు రోజే చెప్పాల్సింది. గాబరా పడుతుందని దాచి, పొద్దున బస్సులో చెప్పాను. గాబరా పడే టైము కూడా ఇవ్వకుండా పెద్ద ఆటలోకి తోశాను. రాయాలనుకుంటే ఇది రాయండి, నా పేరు పెట్టి.

నేను ముదీరు మొహం చూడలేదు. చూసే ధైర్యం లేదు.

అప్పుడు నా వెనకాల తలుపు తెరుచుకుంది. మా చెల్లెలు చెయ్యి పట్టి ఆపినా వినకుండా ఆ పిల్ల గదిలోకి వచ్చేసింది. జుట్టు కూడా సరిగా సర్దుకోలేదు. వచ్చి బల్ల పక్కన నిలబడి, తన పేరు, వాళ్ళ నాన్న పేరు, ఇంటిపేరు మొత్తం చెప్పింది.

"బంతి వదిలింది నేను. నన్ను అడగండి."

మేడమ్ కళ్ళు మూసుకుంది. నాకు వాళ్ళ నాన్న మాట గుర్తొచ్చింది. పేరు దాచడానికి ఒకామె ఉద్యోగం పణంగా పెడితే, ఈ పిల్ల వచ్చి ఇంటిపేరుతో సహా వాళ్ళ చేతిలో పెట్టేసింది.

పెద్దాయన కప్పు జాగ్రత్తగా కింద పెట్టాడు. ఈసారి గొంతు తగ్గించి అడిగాడు, ఆ బంతి వచ్చేటప్పుడు ఏమనుకున్నావమ్మా అని.

ఆ పిల్ల మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది. "పట్టేసుకున్నాననే అనుకున్నాను. ఎవరికి విసరాలా అని చూస్తున్నాను" అంది.

నవ్వులు మళ్ళీ లేచాయి. ఈసారి ఆ పిల్ల కూడా నవ్వింది. ముక్కు ఎర్రగా, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, అయినా నవ్వింది. ఫోన్లో పాటలు పెట్టి నవ్విన నవ్వు వేరు, ఇది వేరు. పెద్దాయన తనకీ అట్లాగే జరిగిందని, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆట అయిపోకముందే ఒక టీము గెలిచిందని రాసి అచ్చుకి పంపేస్తే, రెండో టీము గెలిచిందని చెప్పుకున్నాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి ఖాళీ కప్పు చేతికిచ్చి, మళ్ళీ పోయకుండా అరచేత్తో మూసి చూపించాడు.

మర్నాడు పేపర్లో ఆ పిల్ల మాట వచ్చింది, పేరుతో సహా. తిట్లు లేవు. మేడమ్ తప్పు ఒప్పుకున్న సంగతీ వచ్చింది. నా గహ్వా సంగతి కూడా కింద రెండు వాక్యాలు రాశాడట ఆ మహానుభావుడు. మా చెల్లెలు అది చూపించి, "అక్కా, మనం పేపర్లో పడ్డాం, ఊరికి ఫోన్ చెయ్యి" అని గంతులు వేసింది. చాచా మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు పిలిచి, కూజా చేతికిచ్చి, కప్పులో ఎంత పోయాలో నీళ్ళతో నేర్పించాడు. నేను ప్రతిసారీ కాస్త ఎక్కువే పోసేదాన్ని. ఆయన తల పట్టుకునేవాడు. ఈ చేతికి పొయ్యడం వచ్చుగానీ ఆపడం రాదు, ఏం చేద్దాం.

పేపరు వచ్చిన రోజే ముదీరు దాన్ని మడిచి చేత్తో పట్టుకుని మేడమ్ గదిలోకి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో ఆ తలుపు నాకు వినిపించే దూరంలో లేదు. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం సున్నం కొట్టినట్టు లేదు. మేడమ్ ఈలతాడు మెడలో వేసుకుని మైదానం వైపు నడిచింది. అది చాలు మాకు.

కానీ ఆ పిల్ల రావాలి కదా. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక రోజూ ఆట మొదలయ్యేది. ఆ రోజు పిల్లలంతా వచ్చారు, ఆ పిల్ల రాలేదు. నేను కిటికీ దగ్గర, మా చెల్లెలు నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాం. మేడమ్ పిల్లల్ని పరిగెత్తిస్తోంది గానీ, కళ్ళు గేటు మీదే ఉన్నాయి.

చాలాసేపటికి ఒక పెద్ద తెల్లకారు గేటు దగ్గర ఆగింది. ఎవరూ దిగలేదు. అద్దాలు నల్లగా ఉన్నాయి, లోపల ఏమవుతోందో తెలియదు. "టీములో పేరు కొట్టేయించడానికి వచ్చాడక్కా ఆళ్ళ బాబు" అంది మా చెల్లెలు నీరసంగా. తర్వాత తలుపు తెరుచుకుని ఆ పిల్ల దిగింది. చేతికి గ్లోవులు అప్పటికే తొడుక్కుని ఉంది. అటూ ఇటూ చూడకుండా పోయి గోలు ముందు నిలబడింది. కాసేపటికి వాళ్ళ నాన్న కూడా దిగాడు. తెల్లటి దుస్తులు, తలమీద గుడ్డ, మొహంలో ఏ భావమూ లేదు. వచ్చి గోలు వెనకాల వల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పిల్లలు భయం భయంగా బంతులు కొట్టారు. కొన్ని పట్టింది, కొన్ని పోయాయి. పోయినప్పుడల్లా ఆ తండ్రి చేతులు విప్పి, బట్టలు కొంచెం పైకెత్తి పట్టుకుని, బంతి తెచ్చి ఆమెకి అందించి, మళ్ళీ చేతులు కట్టుకునేవాడు. అట్లా కొంతసేపు చేసి, ఏమనిపించిందో, తిన్నగా పిల్లలు బంతులు కొట్టే చోటికి నడిచాడు. మేడమ్ పక్కకి జరిగింది. నేనూ ఒకటి కొడతానన్నాడు కూతురితో.

కాలు బాగా వెనక్కి లాగి తన్నాడు. బంతి మైదానం పక్కనున్న నీళ్ళ డ్రమ్ము వైపు పోయింది. ఆయన కాలి చెప్పు మాత్రం ఊడి, గాల్లో రెండు పల్టీలు కొట్టి, సరిగ్గా గోలు మూలకి వచ్చింది. ఆ పిల్ల పక్కకి దూకి, నేలమీద పడి, దాన్ని రెండు చేతులా పట్టేసింది.